చేవదేలిన బల్ల

ముందు చెయ్యి వెయ్యండి. చూడడం తర్వాత. అరచెయ్యి ఆ బల్ల అంచున ఆనించి, నిద్రపోతున్న పిల్లి వీపు నిమిరినట్టు, ఈ కొస నుంచి ఆ కొసదాకా మెల్లగా జరపండి. మొదట నున్నన. ఆపైన సన్నటి అలలు. ఎప్పటిదో గుండ్రటి రంపం కోసుకుంటూ పోయిన నెలవంక గీతలు, ఒకదాని వెనక ఒకటి. ఇంకాస్త జరిపితే ఒక చిన్న గుంట. అక్కడ ఒకప్పుడు మేకు ఉండేది. మేకు పోయింది, దాని తుప్పు మిగిలింది, ఆ తుప్పు చుట్టూ కర్ర నల్లబడి కాటుక బొట్టులా నిలిచింది. మరో జానెడు పోతే కణుపు. దాని చుట్టూ నార ఏటి సుడిలా తిరిగి, తిరిగి, మళ్ళీ తన దారిన తాను సాగిపోయింది. ఎనిమిదడుగుల బల్ల, మూడే మూడు పలకలు. మొదటిరోజు ఆ పలకల మీద చెయ్యి జరుపుతూ ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు. "మామయ్యా, అన్నం చల్లారిపోతోంది" అని మా మేనకోడలు రెండుసార్లు పిలిచిందట. వినిపిస్తే కదా!

టెక్సస్‌లో, డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో మా మేనకోడలి ఇంటి భోజనాల గది ఇది. వీధిలోంచి చూస్తే ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినవి. అదే ఇటుక, అదే గరాజ్ తలుపు, వాకిట్లో అదే పిల్ల ఓక్ చెట్టు. లోపలికి వచ్చి చెప్పులు విడిచి కుడివైపు తిరిగామా, అప్పుడు గాలి మారుతుంది. తెల్లని పలకల గోడలు, తేనెరంగు బల్ల, జత కలవని కుర్చీలు, మూలన నీలం పాలిపోయిన అలమర, పైనుంచి దిగిన మూడు బల్బుల్లో బద్ధకంగా వెలిగే బంగారు తీగలు. గది అనడానికి మనసొప్పదు. అదొక ఋతువు! కోతలైపోయాక పొలం మీద వాలే ఎండలాంటి ఋతువు. పని ముగించుకున్న ఒళ్ళు, కడుక్కున్న కాళ్ళు, వంటింట్లోంచి వచ్చే పోపు వాసన. ఆ మూడూ కలిసిన వేళ ఎలా ఉంటుందో ఆ గది అలా ఉంటుంది.

దీన్ని అక్కడివాళ్ళు ఫార్మ్‌హౌస్ స్టైల్ అంటారు. అమెరికా పల్లెల్లో రైతు ఇంటి వంటగదిని పట్నపు రెస్టారెంట్లు తెచ్చిపెట్టుకున్నాయి, రెస్టారెంట్ల నుంచి ఇళ్ళు మళ్ళీ తెచ్చుకున్నాయి. మా పిల్లకు ఈ పిచ్చి ఎక్కించింది వేకో. ఫ్రిస్కో నుంచి రెండు గంటల ప్రయాణం. 2013లో మొదలైన 'ఫిక్సర్ అప్పర్' అనే టీవీ కార్యక్రమంతో చిప్, జొయానా గెయిన్స్ దంపతులు ఆ ఊరి పేరు ఇంటింటికీ చేర్చారు. 2018లో అక్కడ పాత ఎలైట్ కేఫ్ భవనంలో 'మాగ్నోలియా టేబుల్' అనే ఫలహారశాల తెరిచారు. మా పిల్ల నన్నూ అక్కడికి తీసుకెళ్ళింది. ఫలహారం బాగుంది, ఆ మాట అక్కడితో సరి. నా కళ్ళు నిలిచిపోయింది మాత్రం ఊరి నడుమ వాళ్ళ అంగడి ముందు నిలబడ్డ రెండు సైలోల దగ్గర. ఒకప్పుడు అవి పత్తిగింజల నూనె మిల్లువి. ఎవరూ రంగు వెయ్యకుండా వదిలేశారు. తల నుంచి పాదాల దాకా తుప్పు! ఎంతటి తుప్పు! పైన ఇంగువ రంగు, నడుమ బెల్లం రంగు, కింద వానధార జారిన చోట తమలపాకు నమిలిన నోటి ఎరుపు. సాయంత్రపు ఎండ ఆ రెండు స్తంభాల మీద పడితే ఏ గుడి గోపురం ముందు నిలబడ్డానా అనిపించింది.

పత్తిగింజ అన్నాను కదా, ఒక్క మాట పక్కదారి. ఆ నేల ఏమిటనుకున్నారు? నల్లరేగడి! డాలస్, వేకో మీదుగా దక్షిణానికి సాగే ఆ మైదానాన్ని బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అనే పిలుస్తారు. మా పల్నాటి రేగడి లాగే వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చే నేల. ఎండాకాలంలో నేల కుంచించుకుని పునాది పగలకుండా అక్కడివాళ్ళు ఇంటి చుట్టూ గొట్టం పరిచి గోడ మొదట్లో నీళ్ళు పెడతారు. మొక్కకు పెట్టినట్టు ఇంటికి నీళ్ళు పెట్టడం నేను అక్కడే చూశాను. మేనకోడలి పెరట్లో ఒక మట్టిబెడ్డ తీసి వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాను. ఆ పూట నాకు ఊరు మీద బెంగ తీరింది.

మళ్ళీ బల్ల దగ్గరికి రండి. ఆ పిల్ల దాన్ని దుకాణంలో కొనలేదు, రౌండ్ టాప్ సంతలో కొంది. హ్యూస్టన్‌కూ ఆస్టిన్‌కూ నడుమ ఉన్న రౌండ్ టాప్ జనాభా వందకు అటూ ఇటూ. వసంతంలో ఒకసారి, శరత్తులో ఒకసారి ఆ చుట్టుపక్కల పచ్చిక బయళ్ళలో పాత సామాన్ల సంత సాగుతుంది. 1968లో మొదలైంది, నేటికీ ఆగలేదు. ఊరికన్నా సంత ఎన్నో రెట్లు పెద్దది. అక్కడ ఒక ముసలి వర్తకుడు ఈ పలకలు తూర్పు టెక్సస్‌లో కూల్చేసిన ఒక బార్న్‌వని చెప్పాడట. బార్న్ అంటే మన గొడ్లచావిడి, గడ్డివామి, ధాన్యపు కొట్టు మూడూ ఒకే కప్పు కింద ఉన్న కట్టడం. కర్ర పేరు లాంగ్‌లీఫ్ పైన్. వర్జీనియా నుంచి తూర్పు టెక్సస్ దాకా ఒకప్పుడు సుమారు 9 కోట్ల ఎకరాల్లో ఈ అడవి ఉండేది. రైలుమార్గాలకు, ఓడలకు, ఇళ్ళకు నరికి నరికి ఇప్పుడు నూటికి ఐదారు పాళ్ళు మిగిల్చారు. నిదానంగా, తీరుబడిగా, ఎవరి తొందరా పట్టని మహర్షిలా పెరిగే చెట్టు అది. బల్ల చివర, పలక కోసిన అడ్డుకోత దగ్గర, బొటనవేలి గోరంత మేరలో పది వలయాలు లెక్కపెట్టాను. పది వానలు, పది ఎండలు, గోరంత కర్ర!

మన వడ్రంగులకు ఒక మాట ఉంది, చేవ. చెట్టు నడిబొడ్డున, పురుగు ముట్టని, చెద తలవంచే, ఎర్రగా బరువుగా గట్టిపడిన కర్ర. అమెరికావాళ్ళు అదే చోటును చెట్టు గుండె అంటారు. గుండె అనేది లేతమాట, చేవ అనేది పండిన మాట. ఈ బల్లకు రెండోదే తగింది. వంట చేసేటప్పుడు వంటింటి వేడి తగిలితే చాలు, వందేళ్ళు దాటిన ఆ చేవలోంచి ఇప్పటికీ సన్నగా గుగ్గిలం వాసన వస్తుంది. నమ్మరు కదూ? నేనూ నమ్మలేదు. బల్ల మీద చెంప ఆనించి పీల్చాను. మేనకోడలి కూతురు, మా మనవరాలు, అది చూసి తానూ చెంప ఆనించింది. ఇద్దరం అలా ఎదురెదురుగా, ముక్కులు బల్లకానించి, కళ్ళు మూసుకుని. ఆ ఇంటి అల్లుడుగారు ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు పాపం.

బల్లకు ఒకవైపు కుర్చీలు లేవు, బెంచీ ఉంది. అది ఏదో పల్లె చర్చిలోది, ఓక్ కర్ర. వీపు ఆనే పలక వెనక పాటల పుస్తకం పెట్టుకునే చిన్న అర, ఆ అర అంచున మూడు గుండ్రటి బెజ్జాలు. ప్రభురాత్రి భోజనంలో చిన్న గిన్నెలు తాగి పెట్టే చోటు అది. ఎన్ని తరాల మోకాళ్ళు, ఎన్ని ఆదివారాల మౌనాలు ఆ చెక్కను అరగదీశాయో! కూర్చునే చోటు నడుమ కొద్దిగా పల్లమైంది. గంధపుసాన అరిగినట్టు అరిగింది. పరాయి గుడి చెక్క మీద కూర్చుని ముద్ద కలుపుకోవచ్చా అని మొదటిరోజు ఒక క్షణం సందేహించాను. రెండో క్షణం పప్పులో నెయ్యి పడింది. అన్నం పెట్టే చోటు ఏ గుడికీ అంటు కాదు.

ఎదుటివైపు నాలుగు కుర్చీలు, నాలుగు ఇళ్ళవి. రెండు విండ్సర్లు. ఒక్క మందపు పలకలో కాళ్ళు దిగేసి, వీపున సన్నటి పుల్లలు నిలబెట్టి, పైన విల్లులా వంచిన కమ్మీ. ఒకటి పచ్చ రంగు పొరలు పొరలుగా రాలి, కింద నలుపు, ఆ కింద కర్ర కనబడుతోంది. మూడోదానికి నిచ్చెన మెట్ల వీపు. నాలుగోది చూసి గట్టిగా నవ్వాను, అది షేకర్ల పద్ధతి కుర్చీ. 1774లో ఆన్ లీ అనే తల్లి వెంట ఇంగ్లండు నుంచి వచ్చిన ఆ భక్తుల సమాజం పనినే ప్రార్థనగా ఎంచింది. అక్కరలేని గీత ఒక్కటి కూడా వాళ్ళ సామానులో ఉండదు. కూర్చునే చోట ఏమి అల్లారనుకున్నారు? నవారు! మా నాయనమ్మ మంచానికి ఉన్న నవారే. అదే వెడల్పు, అదే అడ్డం నిలువు, అదే కిర్రుమనే సడి. భూగోళానికి ఆ చివర ఒక వడ్రంగి, ఈ చివర ఒక వడ్రంగి, ఇద్దరికీ ముఖపరిచయం లేదు. ఒళ్ళు అలసిన మనిషికి ఏది సుఖమో ఇద్దరి చేతులకూ తెలిసింది.

గోడ మీద ఒకే ఒక్క అలంకారం. ఆ బార్న్‌దే అయిన ఒక ఎర్రని పలక, మూడడుగుల పొడవు, ఏ చట్రమూ లేదు. అమెరికా పల్లె బార్న్‌లు చాలామట్టుకు ఎర్రగా ఎందుకుంటాయో తెలుసా? అవిసెనూనెలో ఇనుపతుప్పు కలిపి పూసేవారు. చవక, కర్రకు రక్ష. ఇనుము ఇచ్చే ఎరుపే జాజు ఎరుపు. సంక్రాంతి ముందు మా ఊళ్ళో అరుగు అంచులకు అలికే జాజు! ముగ్గుపిండి తెల్లగా మెరవడానికి కింద పరిచే ఆ నిండు, ఆ మెత్తని, ఆ మట్టి కడుపులోని ఎరుపు! పలక మీద వానకు వెలిసి, ఎండకు మాగి, అంచుల్లో గులాబిగా, నడుమ పండు మిరపగా నిలిచింది. దాని పక్కన మరో బొమ్మ, మరో పటం ఏదీ పెట్టనందుకు మా మేనకోడలికి ఒక నమస్కారం.

ఎందుకంటే ఈ పద్ధతిలో పెట్టకూడనివే ఎక్కువ. బజారులో కొత్త బల్లలను గొలుసులతో కొట్టి, ఉప్పుకాగితంతో గీకి, లేని వయసు తెప్పించి అమ్ముతారు. పెళ్ళికూతురికి నెరిసిన జుట్టు అంటించినట్టుంటుంది. బండిచక్రాన్ని పైకప్పుకు వేలాడదీసి దీపాలు గుచ్చుతారు. 'తిను' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటను మూరెడు అక్షరాల్లో చెక్కి భోజనాల గది గోడకు కొడతారు. గోడ చెబితే గానీ తినని జాతి ఎక్కడైనా ఉందా! 11వ శతాబ్దంలో కాశ్మీరపు క్షేమేంద్రుడు ఔచిత్యమే రసానికి ప్రాణమన్నాడు. వడ్డాణం మెడకు, హారం నడుముకు పెట్టుకుంటే నవ్వరా అని అడిగాడు. చక్రం అందమంతా నేల మీద దొర్లడంలో ఉంది. పైకప్పుకు కడితే అది మెడలోని వడ్డాణమే. ఈ గదిలో ప్రతి వస్తువూ తన పాత పనికి దగ్గరి పని ఒకటి చేస్తోంది. ధాన్యం చుట్టూ గోడైన పలక అన్నం కింద బల్లైంది. మనుషులను కూర్చోబెట్టిన బెంచీ మనుషులనే కూర్చోబెట్టింది. నేను మెచ్చింది అదీ.

అలమర సంగతి క్లుప్తంగా. వెన్న తీసిన పాలలో సున్నం, మట్టిరంగు కలిపి పూసే పాలరంగు దానిది. మెరుపు లేని ఆ నీలం, ఉదయం చన్నీళ్ళు తాకినంత చల్లన. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల పొగలో పెరిగినవాణ్ణి, సున్నం రంగును ఎంత మెత్తబరుస్తుందో నాకు ఒకరు చెప్పనక్కరలేదు. లోపల నీలం అంచున్న తెల్లని ఎనామిల్ పళ్ళేలు, పెచ్చు ఊడిన చోట నల్లగా. ఒక పోత ఇనుప పెనం కూడా ఉంది. 1896 నుంచి టెనెసీలో పోతపోస్తున్న లాడ్జ్‌వారిది. దాని మీద మా పిల్ల పెసరట్టు వేస్తుంది. ఆ పెసరట్టు అంచుల గురించి రాయడం మొదలుపెడితే ఈ వ్యాసం దారి తప్పుతుంది కనుక ఊరుకుంటున్నాను.

ఇక గాజు జాడీలు. 1858లో జాన్ లాండిస్ మేసన్ అనే రేకుపనివాడు సీసా మూతికి మరలు దిద్ది పేటెంటు పుచ్చుకున్నాడు. అప్పటినుంచి అమెరికా రైతు ఇల్లాలు వేసవిని ఆ సీసాల్లో బంధించి చలికాలంలో విప్పుకుంది. రెస్టారెంట్లవాళ్ళు వాటిలో నిమ్మరసం పోసి ఇస్తారు. ఈ ఇంట్లో వాటిది అసలు ఉద్యోగమే. ఒకదానిలో ఆవకాయ, ఒకదానిలో కందిపొడి, ఒకదానిలో ఉప్పులో ఊరిన నిమ్మబద్దలు, అరలో వరసగా. కిటికీ ఎండ వాటిలోంచి దూరి బల్ల మీద పడుతుంది. ఆవకాయ దాటి వచ్చిన ఎండ ఏ రంగుదో చెప్పడానికి నా దగ్గర మాట లేదు. కుంకుమ కాదు, కెంపు కాదు. నూనెలో మిరప మాగిన ఎరుపు గాజులో వడకట్టి, ఆ చేవకర్ర మీద చెంచాడు పోసినట్టుంటుంది. మధ్యాహ్నం మూడింటికి పడి, మూడుంబావుకి జరిగిపోతుంది. ఆ పావుగంట కోసం నేను కునుకు మానుకున్నాను.

నేను బయలుదేరడానికి నాలుగు రోజుల ముందు, మే నెల రాత్రి, ఉత్తర టెక్సస్ వాన వచ్చింది. అది మన వాన కాదు. ఆకాశం ఆకుపచ్చగా తిరిగింది. ముందు గాలి, వెనక వడగళ్ళు, వసారా రేకు మీద వెయ్యి డప్పులు. సరిగ్గా వడ్డించేవేళకు దీపాలు పోయాయి. బంగారు తీగల బల్బులు మూడూ నల్లబడ్డాయి. అలమర మీద అందానికి పెట్టిన లాంతరు ఉంది కదా అని తీశాం. వత్తీ లేదు, కిరసనాయిలూ లేదు. అందానికి పెట్టింది కదా! అల్లుడుగారు ఫోను దీపం వెలిగించి బల్ల మీద నిలబెట్టాడు. పోలీసువాడి టార్చిలా కళ్ళలో గుచ్చింది. ముఖాలన్నీ నేరస్థుల ముఖాలయ్యాయి.

అప్పుడు మా మనవరాలు, ఆరేళ్ళది, ఫోను బోర్లా పడుకోబెట్టి, దాని దీపం మీద చేతికందిన జాడీ పెట్టింది. అది మజ్జిగ జాడీ. చిలికి, నీళ్ళు పోసి పలచన చేసి, అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ.

గదిలో చంద్రుడు ఉదయించాడు!

ఏమని చెప్పను! గుచ్చే వెలుగంతా ఆ మజ్జిగలో మునిగి, మెత్తబడి, చల్లబడి, జాడీ నిండా పాలవెన్నెలై పొంగింది. కరివేపాకు రెబ్బలు అందులో నల్లగా, నెమ్మదిగా, చంద్రుడిలో మచ్చల్లా కదిలాయి. వెన్నెల బల్ల మీదికి జారింది. రంపపు గీతలు ఒక్కొక్కటీ లేచి నిలబడ్డాయి, పగలు ఎన్నడూ కనబడని అలలు. అది బల్ల కాదు, నిశిరాత్రి కృష్ణ! మేకు గుంటలు చిన్న చిన్న పడవలు. ఎర్ర పలక చీకట్లోకి వెళ్ళిపోయి, దాని అంచు మాత్రం పెదవిలా మెరిసింది. ఎనామిల్ పళ్ళెంలో అన్నం మల్లెలు పోసినట్టుంది. దానిపైన చారు, చారులో మిరియపు ఘాటు, ఆ ఘాటులో ఎక్కణ్ణుంచో గుగ్గిలం తావి. రేకు మీద డప్పులు నెమ్మదించి చిటికెలయ్యాయి. ఎవరూ మాట్లాడలేదు. ముద్ద కలిపే చేతుల నీడలు గోడ మీద, ఆ తెల్లని పలకల మీద, పెద్దవిగా, తాపీగా, ఏదో పాత ఇంటి పెద్దల చేతుల్లా కదిలాయి.

పప్పు అయింది. వంకాయ కూర అయింది. చారు రెండోసారి కూడా అయింది. అందరి పళ్ళేల్లోనూ చివరి పిడికెడు అన్నం మిగిలింది. ఇక మజ్జిగ పోసుకోవాలి.

జాడీ మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు.